అరోరాలో అద్దెకిచ్చిన టౌన్‌హోమ్: ల్యాండ్ ట్రస్ట్‌లో పెట్టడం మంచిదేనా?

ఫ్రిస్కో_వాసు

అందరికీ నమస్కారం. మేము చికాగో దగ్గర అరోరాలో చాలాకాలం ఉండి, ఉద్యోగం మారడంతో టెక్సస్‌లో ఫ్రిస్కోకి వచ్చేశాం. అక్కడి టౌన్‌హోమ్ అమ్మకుండా అద్దెకిచ్చాం. ఇల్లు నా ఒక్కడి పేరు మీదే ఉంది, లోన్ కూడా నా పేరు మీదే. నాకూ మా ఆవిడకీ గ్రీన్‌కార్డులున్నాయి, సిటిజన్‌షిప్ ఇంకా తీసుకోలేదు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. పెద్దది హైస్కూల్, చిన్నవాడు ఎలిమెంటరీ.

ఈమధ్య మా ఆఫీసులో ఒకాయన హఠాత్తుగా పోయాడు. నా వయసే. అప్పట్నుంచి మా ఇంట్లో ఇదే చర్చ. నాకేమైనా అయితే ఆ ఇల్లు వీళ్ళ చేతికి ఎలా వస్తుంది? పాత పొరుగాయన ఒకరు "ల్యాండ్ ట్రస్ట్‌లో పెట్టెయ్, ప్రొబేట్ గొడవ ఉండదు" అన్నారు. ప్రొబేట్ అంటే పోయినవారి ఆస్తిని కోర్టు ద్వారా వారసులకి మార్చడం. నా ప్రశ్నలు ఇవీ: ఆ మాట నిజమేనా? బ్యాంకువాళ్ళు లోన్ మొత్తం ఒకేసారి కట్టమంటారా? టాక్స్ ఏమైనా తగ్గుతుందా? విజయవాడలో ఉన్న మా తమ్ముడిని బాధ్యుడిగా పెట్టొచ్చా?

నాపర్‌విల్_సుబ్బు

వాసు గారూ, నా రెండు అద్దె ఇళ్ళూ ల్యాండ్ ట్రస్ట్‌లోనే ఉన్నాయి కాబట్టి తెలిసినంత చెబుతాను. ఇది ఇల్లినాయ్‌లో బాగా పాతుకుపోయిన పద్ధతి. ఫ్లోరిడా, వర్జీనియా, ఇండియానా లాంటి కొన్ని రాష్ట్రాల్లోనూ ఉంది కానీ దీనికి పుట్టిల్లు ఇల్లినాయే. ఇక్కడ లాయర్లకీ టైటిల్ కంపెనీలకీ ఇది రోజూ చేసే పని.

ఎలా నడుస్తుందంటే, మీరు ఇంటిని డీడ్ (దస్తావేజు) ద్వారా ట్రస్టీకి, అంటే టైటిల్ (యాజమాన్య హక్కు) తన పేరున పట్టి ఉంచేవారికి, రాసిస్తారు. కౌంటీ రికార్డులో ట్రస్టీ పేరు, ట్రస్ట్ నంబరు మాత్రమే కనిపిస్తాయి. దాంతోపాటు ట్రస్ట్ అగ్రిమెంట్ అని వేరే కాగితం ఉంటుంది, అది రికార్డు చేయరు. అందులో బెనిఫిషియరీ, అంటే లబ్ధి పొందే అసలు యజమాని, మీరు. అద్దె వసూలు, రిపేర్లు, టెనెంట్‌ని పెట్టుకోవడం, ఖాళీ చేయించడం అన్నీ మీ చేతిలోనే ఉంటాయి. ట్రస్టీ సొంతంగా ఏమీ చేయడు. పవర్ ఆఫ్ డైరెక్షన్ (ట్రస్టీకి ఏం చేయాలో చెప్పే అధికారం) ఉన్నవాళ్ళు సంతకం పెట్టి రాసిస్తేనే డీడ్ మీదో మార్ట్‌గేజ్ మీదో సంతకం పెడతాడు.

మీలాంటి వాళ్ళకి అసలు లాభం ఒకటుంది. ఇల్లినాయ్ చట్టం ప్రకారం బెనిఫిషియరీకి ఉండే హక్కు స్థిరాస్తి కాదు, చరాస్తి. మీరు టెక్సస్‌లో ఉంటున్నారు. ఇల్లు మీ సొంత పేరున ఉండి మీకేదైనా అయితే, మీవాళ్ళు టెక్సస్‌లో ఒక ప్రొబేట్, ఇల్లినాయ్‌లో ఆ ఇంటి కోసం ఇంకో ప్రొబేట్ పెట్టుకోవాలి. ట్రస్ట్‌లో ఉండి, మీ తరవాత ఎవరని అగ్రిమెంట్‌లోనే రాసి ఉంటే ఆ ఇంటికి ఏ కోర్టూ అక్కర్లేదు. డెత్ సర్టిఫికెట్ ట్రస్టీకి పంపిస్తే సరిపోతుంది.

డాలస్_కిరణ్

ఇంత తతంగం ఎందుకు అన్నా? ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ (టీఓడీ) కాగితం ఒకటి రికార్డు చేస్తే అయిపోతుంది కదా. ఇల్లినాయ్‌లో 2012 నుంచి ఉంది, టెక్సస్‌లో 2015 నుంచి ఉంది. బతికున్నంతకాలం ఇల్లు మనదే. పోయాక రాసినవాళ్ళకి వెళ్తుంది. ఏడాదికోసారి ట్రస్టీ ఫీజు కట్టే పని లేదు, బ్యాంకుతో పేచీ రాదు. లేదంటే మీ ఆవిడ పేరు డీడ్‌లో చేర్చండి, జాయింట్ టెనెన్సీ. ఒకరు పోతే రెండోవాళ్ళకి దానంతటదే వచ్చేస్తుంది.

గుంటూరు_మిర్చి

నేను ఒక్కటే చెబుతా. అద్దె ఇల్లంటే ముందు చూసుకోవాల్సింది కేసులు. జనవరిలో డ్రైవ్‌వే మీద మంచు గడ్డకట్టి టెనెంట్ జారిపడితే మీ ల్యాండ్ ట్రస్ట్ మిమ్మల్ని కాపాడుతుందా? కాపాడదు. ఎల్ఎల్‌సీ (యజమాని సొంత ఆస్తికి కేసుల నుంచి అడ్డుగా ఉండే కంపెనీ) పెట్టండి. ఇల్లినాయ్‌లో ఏడాదికి 75 డాలర్లు రిపోర్టు ఫీజు, అంతే.

మేఘన_లీగల్

ఇల్లినాయ్‌లో ఒక ఎస్టేట్ ప్లానింగ్ ఆఫీసులో పారాలీగల్‌గా చేస్తున్నాను. లాయర్‌ని కాను కాబట్టి ఇది సలహా అనుకోకండి, రోజూ మా బల్ల మీదకి వచ్చే విషయాలు చెబుతున్నానంతే.

మిర్చి గారు చెప్పింది నిజం. ల్యాండ్ ట్రస్ట్ లయబిలిటీ నుంచి కాపాడదు. ఇంటిని నడిపేది బెనిఫిషియరీ కాబట్టి దావా వేసినవాళ్ళు బెనిఫిషియరీ మీదకే వస్తారు. పేరు రికార్డులో కనిపించదు కదా అని ధైర్యపడతారు కొందరు. కేసు పడిన రోజున ఆ పేరు బయటికి రాక తప్పదు. ఒక్క విషయంలో మాత్రం తేడా ఉంది. మీమీద వేరే ఏదో అప్పుకి జడ్జిమెంట్ వస్తే, మీ పేరున ఉన్న ఇంటికి అది లియన్‌గా (అప్పు తీరేదాకా ఆస్తి మీద ఉండే హక్కుగా) అంటుకుంటుంది. ల్యాండ్ ట్రస్ట్‌లో మీ హక్కు చరాస్తి కాబట్టి ఇంటి టైటిల్‌కి అలా నేరుగా అంటుకోదు. అలాగని అప్పులవాళ్ళు మీ బెనిఫిషియల్ హక్కు మీదకి రాలేరని కాదు. టైటిల్ మాత్రం శుభ్రంగా ఉంటుంది.

కానీ ఎల్ఎల్‌సీ వల్ల ప్రొబేట్ తప్పదు. ఎల్ఎల్‌సీలో మీ వాటా మీ పేరునే ఉంటే, మీ తరవాత ఆ వాటాకి ప్రొబేట్ కావాలి. లయబిలిటీకీ వారసత్వానికీ రెండు వేర్వేరు మందులు వాడాలి. ఒక్క ఇల్లున్నవాళ్ళకి మంచి ల్యాండ్‌లార్డ్ పాలసీ, దాని మీద అంబ్రెల్లా పాలసీ (మామూలు పాలసీ పరిమితి దాటిన కేసు ఖర్చుని భరించేది) ఉంటే చాలని మా ఆఫీసులో చాలామందికి చెబుతారు.

కిరణ్ గారి టీఓడీ మాట కూడా కొట్టిపారేయదగింది కాదు. ఇద్దరు సాక్షులు, నోటరీ, పోకముందే రికార్డు అయి ఉండాలి. అంతవరకు తేలికే. కానీ వాసు గారి పిల్లలు మైనర్లు. భార్యాభర్తలిద్దరూ ఒకే ప్రమాదంలో పోతే ఇల్లు ఏకంగా చిన్నపిల్లల పేరు మీదకి వస్తుంది. అప్పుడు మళ్ళీ కోర్టే. ఇంకో చిక్కు ఏమిటంటే టీఓడీ పనిచేసేది చనిపోయాకే. స్ట్రోక్ వచ్చి మంచం మీద ఉంటే అది ఎందుకూ పనికిరాదు.

శారద_అరోరా

ఈ చర్చలో మాట్లాడాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా వారు విల్లు రాయకుండా పోయారు. అద్దె ఇల్లు ఆయన ఒక్కరి పేరున ఉండేది, సరిగ్గా వాసు గారి పరిస్థితే.

నాకు వచ్చేస్తుందనే అనుకున్నాను, భార్యని కదా. ఇల్లినాయ్‌లో విల్లు లేకపోతే భార్యకి సగం, పిల్లలకి సగం. పిల్లలు మైనర్లు. అంటే నా పిల్లల సగానికి నేను తల్లిగా సంతకం పెడితే చెల్లదు. కోర్టు నన్ను వాళ్ళ ఆస్తికి గార్డియన్‌గా వేయాలి, వాళ్ళ తరఫున చూడ్డానికి ఇంకో లాయర్‌ని కూడా వేశారు. ఇల్లు అమ్మాలంటే జడ్జి ఒప్పుకోవాలి. విల్లు లేదు కాబట్టి బాండ్ కట్టమన్నారు. దానికి ప్రీమియం. అప్పులవాళ్ళెవరైనా ఉంటే రమ్మని పేపర్లో ప్రకటన వేసి, ఆరు నెలలు ఆగాలి.

అన్నిటికన్నా నన్ను విసిగించింది లోన్ కంపెనీ. అద్దె పడే అకౌంటు ఆయన ఒక్కరి పేరునే ఉంది, దాన్ని ఆపేశారు. ఆటోపే వెనక్కొచ్చింది. ఫోన్ చేస్తే "బారోయర్‌తోనే మాట్లాడతాం" అంటారు, అంటే లోన్ తీసుకున్నవారితోనే. బారోయర్ లేరని చెబుతున్నా అదే మాట. టెనెంట్ మంచివాడు, చెక్కు ఎవరి పేరున రాయాలమ్మా అని అడిగేవాడు. కోర్టు నుంచి లెటర్స్ ఆఫ్ ఆఫీస్ (ఆయన ఆస్తి చూసుకునే అధికారం ఇచ్చే కాగితం) వచ్చేదాకా అతనికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ చెక్కులు మా వంటింటి డ్రాయర్లో అలాగే పడి ఉన్నాయి.

వాసు గారూ, ట్రస్టో టీఓడీయో మీ ఇష్టం. అద్దె పడే బ్యాంకు అకౌంటు మాత్రం ఈ వారమే మీ ఆవిడతో కలిపి జాయింట్ చేయండి.

ఫ్రిస్కో_వాసు

శారద గారూ, మీరు ఇంత కష్టం పడి మాకోసం రాసినందుకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. మా ఆవిడకి చదివి వినిపించాను. అకౌంటు పని రేపే చేస్తాం.

నాపర్‌విల్_సుబ్బు

శారద గారు చెప్పినట్టు లోన్ కంపెనీ "మీతో మాట్లాడం" అంటే ఎవరూ ఊరుకోకండి. 2018 ఏప్రిల్ నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. బారోయర్ పోయాక ఇల్లు ఎవరికి వచ్చిందో వాళ్ళని సక్సెసర్ ఇన్ ఇంటరెస్ట్ అంటారు. అది రుజువు చేసే కాగితాలు ఇచ్చాక వాళ్ళని బారోయర్‌లాగే చూడాలి, లోన్ వివరాలు చెప్పాలి. ఆ మాటని ఉత్తరంలో రాసి పంపండి, ఫోన్లో ఎంత అరిచినా లాభం లేదు.

లెక్కల_రమ

టాక్స్ సంగతి నేను చెబుతాను. సీపీఏగా (ఇక్కడి చార్టర్డ్ అకౌంటెంట్) చేస్తున్నాను.

ల్యాండ్ ట్రస్ట్ వల్ల టాక్స్ ఒక్క డాలర్ కూడా తగ్గదు, పెరగదు. ఎవరైనా తగ్గుతుందని అమ్మజూపితే నమ్మకండి. మీకు నచ్చినప్పుడు రద్దు చేసుకోగల ట్రస్ట్ కాబట్టి ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపన్ను శాఖ) దృష్టిలో ఇల్లు మీదే. అద్దె ఆదాయం ఎప్పటిలాగే షెడ్యూల్ ఇ లో చూపిస్తారు. 27.5 ఏళ్ళ డిప్రిసియేషన్ (ఇంటి ఖరీదుని ఏటా కొంత ఖర్చుగా చూపడం) అలాగే నడుస్తుంది. ఇల్లినాయ్‌కి నాన్-రెసిడెంట్ రిటర్న్ వేస్తూనే ఉండాలి, టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేకపోయినా సరే. రేపు 1031 ఎక్స్‌ఛేంజ్ (ఈ ఇల్లు అమ్మి ఇంకోటి కొని లాభం మీద పన్ను వాయిదా వేసుకోవడం) చేయాలనుకున్నా అడ్డం లేదు. ఇల్లినాయ్ తరహా ల్యాండ్ ట్రస్ట్‌లోని హక్కు స్థిరాస్తితో సమానమేనని ఐఆర్ఎస్ 1992లోనే రూలింగ్ ఇచ్చింది.

మీరు బతికుండగా ఇల్లు పిల్లలకి గిఫ్ట్‌గా రాయకండి. ఇది మనవాళ్ళు ఇండియా అలవాటుతో తరచూ చేసే పని. గిఫ్ట్ ఇస్తే మీరు కొన్న ధర, మీరు క్లెయిమ్ చేసిన డిప్రిసియేషన్ అన్నీ వాళ్ళ నెత్తికి వెళ్తాయి. అదే మీ తరవాత వారసత్వంగా వస్తే ఆరోజు మార్కెట్ ధరే వాళ్ళ కొనుగోలు ధర అవుతుంది, పాత డిప్రిసియేషన్ మీద 25 శాతం దాకా పడే టాక్స్ కూడా పోతుంది. ల్యాండ్ ట్రస్ట్‌లో ఉన్నా, టీఓడీలో ఉన్నా ఈ లాభం దక్కుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మీరిద్దరూ సిటిజన్లు కారు. ఫెడరల్ ఎస్టేట్ టాక్స్ (పోయినవారి ఆస్తి మీద పన్ను) మినహాయింపు 2026లో మనిషికి 15 మిలియన్ డాలర్లు. అది సిటిజన్లకీ, ఇక్కడే స్థిరనివాసం అని తేలినవాళ్ళకీ. స్థిరనివాసం ఇక్కడ కాదని తేలితే అమెరికాలోని ఆస్తికి మినహాయింపు 60,000 డాలర్లే. గ్రీన్‌కార్డు ఉండి, ఇక్కడే ఉండిపోవాలనుకునేవాళ్ళకి మామూలుగా ఇబ్బంది రాదు. కానీ హెచ్-1బీ మీద ఉంటూ "ఎప్పటికైనా వెనక్కే" అని చెప్పుకునేవాళ్ళు, గ్రీన్‌కార్డు వదిలేసి ఇండియా వెళ్ళిపోయినవాళ్ళు ఈ 60,000 అంకెని మరచిపోవద్దు. పైగా భార్య సిటిజన్ కాకపోతే భార్యాభర్తల మధ్య ఉండే అపరిమిత మినహాయింపు దక్కదు. దానికి క్యూడాట్ అనే ప్రత్యేక ట్రస్ట్ కావాలి. మామూలు ల్యాండ్ ట్రస్ట్ ఆ పని చేయదు.

కిరణ్, నువ్వన్న జాయింట్ టెనెన్సీకి కూడా ఇదే తలనొప్పి. మిగిలిన భాగస్వామి సిటిజన్ కాకపోతే సగం సగం అని లెక్క వేయరు. ఆవిడ తన డబ్బు ఎంత పెట్టిందో రుజువు చూపిస్తే ఆ మేరకే మినహాయిస్తారు, మిగతాదంతా పోయినవారి ఎస్టేట్‌లోనే.

ఇల్లినాయ్‌కి సొంత ఎస్టేట్ టాక్స్ కూడా ఉంది, 4 మిలియన్ డాలర్లు దాటితే. 401కే (ఉద్యోగుల రిటైర్‌మెంట్ పొదుపు), లైఫ్ ఇన్సూరెన్స్, రెండు ఇళ్ళు కలిపితే మనవాళ్ళలో ఆ గీత దాటేవాళ్ళు తక్కువేం కాదు.

డాలస్_కిరణ్

రమ గారూ, జాయింట్ గురించి ఇది నాకు తెలియదు. థాంక్స్. మేం కూడా ఇద్దరం గ్రీన్‌కార్డే.

ఫ్రిస్కో_వాసు

బ్యాంకు సంగతి ఎవరూ చెప్పలేదు. లోన్ ఇంకా సగం పైనే ఉంది, అదీ చాలా తక్కువ వడ్డీలో. అది పోతే నాకు నిద్ర పట్టదు.

మేఘన_లీగల్

మంచి ప్రశ్న. దీనిమీద ఆన్‌లైన్‌లో సగం సగం సమాధానాలే దొరుకుతాయి.

1982లో వచ్చిన గార్న్-సెయింట్ జర్మేన్ అనే ఫెడరల్ చట్టం ఉంది. ఐదు యూనిట్ల కన్నా తక్కువ ఉన్న నివాస గృహాన్ని, బారోయర్ తానే బెనిఫిషియరీగా ఉండే ట్రస్ట్‌లోకి మారిస్తే, డ్యూ ఆన్ సేల్ క్లాజు (ఇల్లు చేతులు మారితే వర్తించే లోన్ షరతు) చూపించి లోన్ మొత్తం కట్టమనే వీల్లేదని అది చెబుతుంది. ఇంట్లో ఉండే హక్కు వేరేవాళ్ళకి బదలాయించే లావాదేవీ కాకూడదు అనేది షరతు. చాలామంది ఇక్కడితో ఆపేసి "చట్టం మనవైపే" అంటారు. అయితే ఆ చట్టం కింద రాసిన నిబంధనలో బారోయర్ ఆ ఇంట్లో నివాసం ఉండాలి అనే మాట ఉంది. అద్దె ఇంట్లో మీరు ఉండరు. కాబట్టి అద్దె ఇంటికి ఆ రక్షణ ఉందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేం.

వాయిదాలు సరిగ్గా కడుతున్నవాళ్ళ లోన్‌ని కంపెనీలు పిలిచి అడగడం అరుదు. అరుదు అన్నది హామీ కాదు. మీది తక్కువ వడ్డీ లోన్ అంటున్నారు. దాన్ని వెనక్కి తీసుకోవడం వాళ్ళకి లాభమే కదా. డీడ్ రికార్డు చేయకముందే సర్వీసర్‌కి (లోన్ వాయిదాలు వసూలు చేసే కంపెనీకి) ఉత్తరం రాసి, ట్రస్ట్ అగ్రిమెంట్ నకలు పెట్టి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తెప్పించుకోండి. ఫోన్లో కస్టమర్ సర్వీస్ అమ్మాయి "ఓకే సార్" అంటే అది లెక్కలోకి రాదు.

ఎల్ఎల్‌సీని బెనిఫిషియరీగా పెట్టి దాని మీద ల్యాండ్ ట్రస్ట్ కప్పేస్తే బ్యాంకుకి తెలియదని కొందరు సలహా ఇస్తారు. అప్పుడు బెనిఫిషియరీ బారోయర్ కాదు కంపెనీ అవుతుంది. ఆ చట్టం ఇచ్చే కాస్త ఆసరా కూడా పోతుంది.

రీఫైనాన్స్ చేసేటప్పుడు కూడా కొందరు లెండర్లు ముందు ఇల్లు ట్రస్ట్‌లోంచి బయటికి తీయమంటారు. క్లోజింగ్ అయ్యాక మళ్ళీ వెనక్కి పెట్టుకోవాలి, రెండుసార్లు ఫీజు.

గుంటూరు_మిర్చి

మేఘన గారూ, ఎల్ఎల్‌సీ మీద లెండర్ సంగతి మీరన్నది సరే. నాది లోన్ లేని ఇల్లు, అందుకే నాకు ఆ బాధ తెలియలేదు. లోన్ ఉన్నవాళ్ళు అంబ్రెల్లా పాలసీ తీసుకోవడమే నయం అని ఒప్పుకుంటున్నా. అయితే పాలసీ మీద ఎవరి పేరుండాలి? ఓనరు ట్రస్టీ అయిపోయాక నా పేరున పాలసీ చెల్లుతుందా?

మేఘన_లీగల్

ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి చెప్పి ట్రస్టీని అడిషనల్ ఇన్షూర్డ్‌గా చేర్పించాలి. ట్రస్ట్ నంబరు అగ్రిమెంట్‌లో ఉన్నట్టే పాలసీ డిక్లరేషన్ పేజీలో (వివరాలుండే మొదటి పేజీ) కనిపించాలి. టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ముందే ఫోన్ చేసి మీ పాలసీ ట్రస్ట్‌లోకి మారాక కొనసాగుతుందా, ఎండార్స్‌మెంట్ కావాలా అని అడగండి. ఇదంతా డీడ్ రికార్డయ్యేలోపు.

తిరిగొచ్చిన_పక్షి

వాసు గారి తమ్ముడి ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ఇల్లినాయ్‌లో ఎగ్జిక్యూటర్‌గానీ అడ్మినిస్ట్రేటర్‌గానీ (కోర్టు ద్వారా పోయినవారి ఆస్తి చూసేవాళ్ళు) అవ్వాలంటే అమెరికాలో నివాసం ఉండాలి. విజయవాడ తమ్ముడు ఎంత నమ్మకస్తుడైనా ఆ పని చేయలేడు. బెనిఫిషియరీ మాత్రం ఏ దేశంలో ఉన్నా ఫరవాలేదు.

నేను హైదరాబాద్ వచ్చేశాను, అమెరికాలో నా ఇల్లు ఒకటి ఇప్పటికీ ల్యాండ్ ట్రస్ట్‌లో అద్దెకి నడుస్తోంది. వెనక్కి రావాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఎన్ఆర్ఐగా ఉన్నప్పుడు కొన్న విదేశీ ఆస్తిని తిరిగొచ్చాక కూడా ఉంచుకోవచ్చు, ఫెమా (ఇండియా విదేశీ మారకద్రవ్య) చట్టం సెక్షన్ 6(4) దానికి వీలిస్తుంది. కానీ మామూలు రెసిడెంట్ అయిన ఏడాది నుంచి ఇండియా ఐటీ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల జాబితా) నింపాలి. అందులో విదేశీ ఇళ్ళకి ఒక గడి, విదేశీ ట్రస్టులకి ఇంకో గడి ఉన్నాయి. ట్రస్ట్‌లో మీరు సెటిలర్ (ట్రస్ట్ పెట్టినవారు) అయినా, బెనిఫిషియరీ అయినా చూపించాల్సిందే. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల పెనాల్టీ దాకా ఉంది. "అమెరికాలో అది పేరుకే ట్రస్ట్ సార్" అంటే ఇక్కడి ఆఫీసర్ వినడు. మీ సీఏతో ముందే కూర్చోండి.

అమెరికా వైపు కూడా మారుతుంది. నాన్-రెసిడెంట్ ఏలియన్ అయ్యాక, ఖర్చులు పోను మిగిలిన అద్దె మీద టాక్స్ కట్టే ఎంపిక కోరుకోకపోతే మొత్తం అద్దె మీద 30 శాతం. అమ్మినప్పుడు అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుంటారు. టైటిల్ ట్రస్టీ పేరున ఉంది కదా అని అది తప్పదు.

లెక్కల_రమ

పక్షి గారు చెప్పిన ఆ ఎంపికని రిటర్న్‌తో పాటు రాసివ్వాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇండియా వెళ్ళాక అద్దె మీద లాభం లేదు కదా అని రిటర్నే మానేస్తారు. మానేస్తే ఖర్చులు తగ్గించుకునే హక్కుకే ఎసరు వస్తుంది. దయచేసి మానకండి.

ఫ్రిస్కో_వాసు

ఇప్పుడు కాస్త అర్థమవుతోంది. అంటే నేను ట్రస్ట్ పెట్టి, బెనిఫిషియరీగా నా పేరు, నా తరవాత మా ఆవిడ, ఆ తరవాత పిల్లలు అని రాస్తే అయిపోయినట్టేనా?

మేఘన_లీగల్

కాదండీ, ఇక్కడే మనవాళ్ళు ఆగిపోతారు. దీన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మొదటిది, పవర్ ఆఫ్ డైరెక్షన్ ఎవరి చేతిలో ఉంది? మీ ఒక్కరి చేతిలోనే ఉండి, మీరు ఐసీయూలో ఉంటే ట్రస్టీకి రాసిచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. బెనిఫిషియరీ మీరే అయినా, పవర్ ఆఫ్ డైరెక్షన్ "ఇద్దరిలో ఎవరైనా" అని రాయించుకోవచ్చు. లేదా ప్రాపర్టీ పవర్ ఆఫ్ అటార్నీ (పీఓఏ) ఇవ్వాలి. ఇల్లినాయ్ చట్టంలో ఉన్న ప్రామాణిక పీఓఏ ఫారంలో రియల్ ఎస్టేట్ అంటే ల్యాండ్ ట్రస్ట్ హక్కులు కూడా కలిసే ఉంటాయి. మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి టెక్సస్ ఫారం ఒక్కటే తీసుకుని ఊరుకోకుండా, అందులో ల్యాండ్ ట్రస్ట్ పవర్ ఆఫ్ డైరెక్షన్ అని విడిగా రాయించండి.

రెండోది, పిల్లలు. మైనర్ల పేరు నేరుగా రాస్తే శారద గారు పడిన పాట్లే మళ్ళీ. మామూలు లివింగ్ ట్రస్ట్ (బతికుండగానే ఆస్తుల నిర్వహణకి పెట్టుకునేది) ఒకటి పెట్టి, ల్యాండ్ ట్రస్ట్‌లో మీ తరవాతి బెనిఫిషియరీగా ఆ లివింగ్ ట్రస్ట్‌ని రాస్తారు. ఎవరు చూసుకోవాలి, ఏ వయసులో పిల్లలకి ఇవ్వాలి, చదువుకి ఎంత వాడొచ్చు, ఇల్లు అమ్మొచ్చా అన్నవి లివింగ్ ట్రస్ట్‌లో ఉంటాయి. ల్యాండ్ ట్రస్ట్ అగ్రిమెంట్ రెండు మూడు పేజీల కాగితం, అది టైటిల్‌ని పట్టుకోవడానికే. కుటుంబం గురించిన నిర్ణయాలు అందులో పట్టవు.

మూడోది, ల్యాండ్ ట్రస్ట్ ఆ ఒక్క ఇంటికే. మీ ఫ్రిస్కో ఇల్లు, బ్రోకరేజ్ అకౌంటు, కార్లు దానికి సంబంధం లేదు. పిల్లలకి గార్డియన్ ఎవరో రాయాల్సింది విల్లులో. కాబట్టి విల్లు ఎలాగూ కావాలి.

నిజం చెప్పాలంటే, లివింగ్ ట్రస్ట్ ఎలాగూ పెడుతున్నప్పుడు ఇంటిని నేరుగా అందులోకే రాస్తే కూడా ప్రొబేట్ తప్పుతుంది. అప్పుడు ల్యాండ్ ట్రస్ట్ దేనికంటే, పేరు రికార్డులో కనబడకుండా ఉండడానికి, టైటిల్‌కి లియన్లు అంటకుండా ఉండడానికి, రేపు వాటాలు పంచుకోవాలంటే కొత్త డీడ్ లేకుండా అసైన్‌మెంట్ (హక్కు బదలాయింపు) కాగితంతో పని అవ్వడానికి. ఇవి మీకు అవసరమా అని ఆలోచించుకోండి. అవసరం లేకపోతే ఏటా ట్రస్టీకి ఫీజు కట్టడం దండగ.

నాపర్‌విల్_సుబ్బు

మేఘన గారు ఈ ఆఖరి మాట చెప్పడం నాకు నచ్చింది. నాకు వాటాలు పంచే అవసరం ఉంది. మా తోడల్లుడూ నేనూ కలిసి కొన్నాం, అందుకే నాకు ల్యాండ్ ట్రస్ట్ కలిసొచ్చింది. వాసు గారికి ఒక్క ఇల్లు, ఒక్క ఓనరు.

ఒకవేళ పెడితే మాత్రం అగ్రిమెంట్‌లో గడువు చూడండి. చాలావాటిలో 20 ఏళ్ళు అని ఉంటుంది. పొడిగించకపోతే ట్రస్టీ ఆ ఇంటిని అమ్మేయవచ్చనే క్లాజు కూడా ఉంటుంది. క్యాలెండర్లో రాసిపెట్టుకోవాల్సిన తేదీ అది.

శారద_అరోరా

మా ఆడవాళ్ళ వైపు నుంచి ఒక మాట. ఏ కాగితం పెట్టినా అది ఎక్కడుందో, ట్రస్ట్ నంబరు ఏమిటో, లాయర్ ఫోన్ నంబరు ఏమిటో భార్యకి తెలియాలి. మా వారి లాప్‌టాప్ పాస్‌వర్డ్ నాకు తెలియదు. ఆ ఇంటి లీజు కాగితం టెనెంట్ దగ్గర నకలు తీసుకుని చదివాను.

ఫ్రిస్కో_వాసు

ఈ చర్చ ప్రింట్ తీసుకుని ఇల్లినాయ్ లాయర్‌తో మాట్లాడాను. ఆయనా దాదాపు మేఘన గారి దారిలోనే వెళ్ళారు. మా ఇద్దరికీ లివింగ్ ట్రస్ట్, విల్లులు, పీఓఏలు. అరోరా ఇల్లు నేరుగా లివింగ్ ట్రస్ట్‌లోకి. ల్యాండ్ ట్రస్ట్ వద్దనుకున్నాం. సర్వీసర్ నుంచి రాతపూర్వక ఒప్పుకోలు వచ్చేదాకా డీడ్ సంతకం పెట్టనన్నాను, ఆయన సరేనన్నారు. విజయవాడ తమ్ముడి బదులు డల్లాస్‌లో ఉన్న మా బావమరిదిని సక్సెసర్ ట్రస్టీగా (మా తరవాత ట్రస్ట్ చూసేవాడిగా) రాస్తున్నాం. మా ఆవిడ సిటిజన్‌షిప్ అప్లికేషన్ కూడా ఈ నెలలోనే వేస్తోంది, రమ గారి పోస్టు చదివాకే.

ఇంకొక్కటి మిగిలింది. డీడ్ నమూనా పంపారు. చివర్లో "పన్ను బిల్లు ఎవరికి పంపాలి" అని ఒక గడి ఉంది. అక్కడ ఇంటి అడ్రసే టైప్ చేసి ఉంది. అలాగే ఉంచాలా?

మేఘన_లీగల్

వెంటనే మార్పించండి. ఆ అడ్రసు ఉంటే ప్రాపర్టీ టాక్స్ బిల్లు టెనెంట్ పోస్టుబాక్సులో పడుతుంది, అతను పారేస్తాడు. లోన్ ఎస్క్రోలోంచి (లోన్ కంపెనీ పన్నుల కోసం పక్కన పెట్టే ఖాతా) కడుతున్నారు కాబట్టి ఇప్పుడు తెలియదు. లోన్ తీరిపోయాక ఒక వాయిదా తప్పినా కౌంటీ ఆ పన్నుని వేలం వేస్తుంది. మీ ఫ్రిస్కో అడ్రసు రాయించండి.

అదే పేజీలో ట్రాన్స్‌ఫర్ టాక్స్ మినహాయింపు వాక్యం ఉందో లేదో చూడండి. డబ్బు చేతులు మారలేదు కాబట్టి ఆ టాక్స్ చట్టంలోని పేరా ఇ కింద మినహాయింపు అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. అరోరా సిటీ స్టాంపు కూడా కావాలి, పన్ను సున్నా అయినా సరే. అరోరా నాలుగు కౌంటీల్లో పరుచుకుని ఉంది. మీ ఇల్లు కేన్‌లో ఉందా, డుపేజ్‌లో ఉందా, కెండాల్‌లోనా, విల్‌లోనా అన్నది పాత టాక్స్ బిల్లులో చూసి ఆ కౌంటీ రికార్డర్‌కే పంపమనండి. హెచ్ఓఏకి (ఇళ్ళ యజమానుల సంఘానికి) కూడా ఓనర్ పేరు మారిందని ఒక ఉత్తరం పెట్టండి.

ఫ్రిస్కో_వాసు

డుపేజ్. లాయర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను. సర్వీసర్ జవాబు వచ్చాక అందులో ఏం రాశారో ఇక్కడ పెడతాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.